అరువు నవ్వు

మా బొమ్మలాయన చెయ్యి ఎలాంటిదంటే, ఒకసారి టీకొట్టు గోడమీద తలుపు బొమ్మ వేశాడు. దాన్ని నెట్టబోయి నా ముక్కు చితికింది. ఓ కుక్కయితే ఎవరైనా తీస్తారేమోనని పొద్దు గూకేదాకా దాని ముందే కూర్చుంది. నమ్మకపోతే మానెయ్యండి, నా ముక్కు మాత్రం ఇప్పటికీ వంకరే.

ఆయన గదీ, నేను పటాలు కట్టే కొట్టూ పక్కపక్కనే. మనుషుల బొమ్మలు వేయడంలో ఆయనకో పద్ధతి ఉంది. కూర్చున్నవాడి మొహంలో ఏదైనా తక్కువైతే ఊహించి దిద్దడు, తనకు తెలిసిన ఇంకో మొహంలోంచి అరువు తెస్తాడు. డాక్టరుగారి బొమ్మలో చూపు మా పాలవాడిది. లాయరుగారి నుదురు నాది. ఆ నుదురు చూసి జనం లాయరుని మేధావి అన్నారు. అది నా మొహాన ఉన్నన్నాళ్లూ ఒక్కడూ ఆ మాట అనలేదు.

ఇలా ఉండగా మిల్లు యజమాని హాల్లో పెట్టుకోడానికి తన బొమ్మ వేయమన్నాడు. ఆయన మొహం చూస్తే కాచిన పాలు కూడా విరుగుతాయి. "కాస్త దయగా కనబడాలోయ్" అన్నాడు. బొమ్మలాయన తంటాలు పడి పడి, ఓ పొద్దున నన్ను కేకేశాడు.

వెళ్లి చూస్తే మొహం యజమానిదే. నవ్వు మాత్రం ఆయనది కాదు. ఎడమ మూల ముందు లేస్తే, కుడి మూల కాస్త ఆలోచించుకుని దాన్ని కలుసుకునే నవ్వు అది. బొమ్మలాయన వాళ్లన్నయ్యది. ఆ మిల్లులోనే పనిచేసే అతను బాయిలరు పాడైందని నెత్తీ నోరూ కొట్టుకున్నా మిల్లు ఆపనివ్వలేదు ఈ యజమాని. అది పేలి, అన్నయ్య పోయాడు.

"ఒరే, ఇది మీ అన్న నవ్వురా!" అన్నాను.

"ఎక్కడో ఒకచోట ఉండనీ బాబాయ్. మట్టిలో కలిసిపోవడం కంటే నయం కదా?"

"మరి మీ వదిన అడుగుతున్న బొమ్మ?"

"వేస్తాన్లే."

ఆ 'వేస్తాన్లే' వినీ వినీ వాళ్ల వదినకి జుట్టు నెరిసింది. మొగుడి ఫొటో ఒక్కటీ లేదు ఆవిడ దగ్గర. కెమెరా చూస్తే చాలు నవ్వాపుకోలేక కదిలిపోయేవాడు, తీసినవన్నీ అలుక్కుపోయేవి. మరిది చేత్తో ఆ మొహం ఒక్కసారి చూడాలన్నదే ఆవిడ కోరిక. మరిదికేమో పెద్దవాళ్ల మొహాలతోనే సరిపోయింది.

ఆ మిల్లు హాలు ఊడ్చి తుడిచేది ఆవిడే. బొమ్మ తగిలించిన మర్నాడు దుమ్ముగుడ్డ చేతిలో ఉండగానే బొమ్మలాయన గదిలోకి వచ్చింది.

"ఏం మరిదీ, మీ అన్నని పొట్టన పెట్టుకున్నవాడి మూతే దొరికిందా నీకు, ఆ నవ్వు అతికించడానికి?"

"చెరిపేస్తాను వదినా."

"చెరపనిస్తారా వాళ్లు? నాది నాకు వెయ్యి. ఇక్కణ్ణించి కదలను."

స్టూలు లాక్కుని కూర్చుంది. ఆయన మొదలెట్టాడు. చెవులు కుదిరాయి, నుదురు కుదిరింది, చెంపమీద కాలిన మచ్చతో సహా అన్న దిగాడు. చివర్లో నవ్వు పెట్టాడు.

వదిన చూసి మొహం తిప్పుకుంది. "ఈ యజమానెందుకు వచ్చాడు నా బొమ్మలోకి?"

చెరిపాడు, మళ్లీ పెట్టాడు. నేనూ చూశాను. నా వంకర ముక్కు సాక్షిగా చెబుతున్నా, ఆ నవ్వు పడగానే అన్న మొహంలోంచి యజమాని తొంగిచూస్తున్నాడు. ఎన్నిసార్లు దిద్దినా అంతే. ఆయన చేతికి ఆ నవ్వు ఇప్పుడు యజమాని మొహంతోనే వస్తోంది.

"పోనీ... నవ్వు లేకుండా వెయ్యనా వదినా?"

"నవ్వకుండా ఆయన్ని నేనెప్పుడు చూశాను నాయనా?" అని గుడ్డ దులుపుకుని వెళ్లిపోయింది.

ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆ హాల్లో స్టూలెక్కి, యజమాని కళ్లూ మీసం కనబడకుండా గుడ్డ అడ్డం పట్టుకుని, మిగిలిన ఆ మూతినే చూస్తూ నిలబడుతుంది. ఓరోజు యజమాని గుమ్మంలోంచి ఇది చూసి పొంగిపోయాడట. "నేనంటే ఎంత భక్తో చూశారా!" అని పక్కవాళ్లకి చూపించి, ఆ పటం తుడిచే పని ఇంకెవరికీ ఇవ్వొద్దని హుకుం వేశాడు.