మెట్ల మీద కాల్పులు

మూతపడిన నూలు మిల్లులో పొద్దుటి నుంచీ తుపాకులు పేలుతూనే ఉన్నాయి గానీ ఒక్క షాటూ ఓకే కాలేదు. సాయంత్రానికి మిల్లు ఖాళీ చేసి తాళాలు అప్పగించాలి. హీరో రేపటి నుంచి ఇంకో సినిమాకి వెళ్ళిపోతున్నాడు. మెట్ల మీద కాల్పుల సీను ఇవాళ అయితే అయినట్టు, లేకపోతే లేనట్టే. ఆ బరువంతా ఫైట్ మాస్టర్ నెత్తిన పడింది.

మాస్టర్ అంటే ఆడమనిషే. ఆవిడ భర్త ఒకప్పుడు పేరున్న ఫైట్ మాస్టర్. ఆయన దగ్గర పని నేర్చుకుని, ఆయన్నే పెళ్ళి చేసుకుని, ఇద్దరూ కలిసి బోలెడు ఫైట్లు చేశారు. ఒక సెట్లో ఒక నటుడు తొందరపడి, చెప్పినదానికంటే ముందే తిరిగి తుపాకి పేల్చేశాడు. షూటింగు తూటాలో గుండు ఉండదు, ఒట్టి మందే. కానీ ఆ మందు మంట దగ్గరగా తగిలితే చాలు. ఆయనకి ఒక కన్ను అక్కడికక్కడే పోయింది. రెండోది కూడా మెల్లగా మసకబారుతూ వచ్చి, ఇప్పుడు వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియదు. అప్పటినుంచీ టీమునంతా ఆవిడే నడిపిస్తోంది. సెట్లో అందరికీ ఆవిడ మాస్టర్, టీములో వాళ్ళకి అక్క. నిజంగా అక్క అయ్యేది మాత్రం ఒక్కడికే. సొంత తమ్ముడు కూడా ఆ టీములోనే ఉన్నాడు.

తమ్ముడు ఇన్నాళ్ళూ హీరోలకి డూపు. అద్దాలు పగలగొట్టుకుని దూకింది వాడు, మంటల్లోంచి పరిగెత్తింది వాడు. తెర మీద కనిపించింది మాత్రం వాడి వీపు. ఈ సినిమాలో తొలిసారి చిన్న వేషం దొరికింది. మెట్ల చివర హీరోకి ఎదురుపడి, తూటా తగిలి పడిపోయే ఆఖరి రౌడీ.

"జనం నవ్వుతారు మాస్టర్," అన్నాడు డైరెక్టర్, తీసింది తెర మీద చూస్తూ. "టపాకాయలు కాల్చుకుంటున్నట్టుంది. చావు కనపడాలి నాకు."

ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చింది. కిందనుంచి కాల్చేవాళ్ళని పెంచింది, తగ్గించింది. హీరోని రెయిలింగు మీదనుంచి జారించింది. గోడల మీద పెచ్చులు లేపింది. ఎంత హడావిడి పెంచితే సీను అంత చప్పబడుతోంది. భోజనాలకి వదలగానే పాత దూదిబేళ్ళ గదిలోకి వెళ్ళి ఇంటికి ఫోన్ చేసింది.

"తిన్నారా?"

"తిన్నాలే. ఏంటా గొంతు?" అన్నాడు భర్త.

"సీను రావట్లేదండీ. ఎక్కడ తప్పుతున్నానో అర్థం కావట్లేదు. చేతులు పడిపోయినట్టుంది."

"నాకు చూపించు."

చూపించడమంటే చెప్పడం. కళ్ళు పోయాక వాళ్ళిద్దరి మధ్యా ఆ మాట అలాగే ఉండిపోయింది. ఆవిడ మొదలుపెట్టింది. ఇనప మెట్లు, పైన హీరో, కింద మగ్గాల వెనక రౌడీలు. హీరో కాలుస్తూ దిగుతాడు, ఇద్దరు పడతారు, కిటికీ పగులుతుంది, ఇంకొకడు...

"ఆగాగు. ఈ ఇంకొకడు ఎక్కడినుంచి ఊడిపడ్డాడు?"

"స్తంభం పక్కనుంచి."

"ఇందాక స్తంభం దగ్గర ఉన్నవాడు పోయాడన్నావుగా. నీ నోటితో నువ్వు చెప్తుంటే నాకే తెలియట్లేదు ఎవడు ఎక్కడున్నాడో. టిక్కెట్టు కొనుక్కున్నవాడికి ఏం తెలుస్తుందే?"

ఆవిడ దుమ్ములో వేలితో మెట్లూ స్తంభమూ గీసి చూసుకుంది.

"పోనీ అది వదిలెయ్. ఇందులో భయం ఎవడికి?"

ఆవిడ ఒక్కొక్కణ్ణీ తలుచుకుంది. హీరోకి లేదు. రౌడీలకి లేదు. అందరూ ఎండలో నీళ్ళు చల్లుకున్నట్టు కాల్చేసుకుంటున్నారు.

"ఎవరికీ లేదు," అంది.

"మరింక అవేం కాల్పులు? ఎవడి చెయ్యీ వణకదు, ఎవడి తూటాలూ అయిపోవు. ఒక్కడికైనా అయిపోనీవే. ఆ తర్వాత వాడేం చేస్తాడో చూద్దాం."

ఆ మాటతో ఆవిడకి సీను కళ్ళకి కట్టింది. మెట్లు దిగే హీరోకి ఆఖరి మెట్టు దగ్గర తూటాలు అయిపోవాలి. ఎదురుగా రౌడీ. తుపాకి ఖాళీ అని హీరోకి తెలుసు, వాడికి తెలియదు. ఆ ఖాళీ తుపాకితోనే వాణ్ణి నిలబెట్టాలి. అన్నం మాట మర్చిపోయి డైరెక్టర్ దగ్గరికి పరిగెత్తింది.

రౌడీలని తగ్గించి, మెట్ల మధ్యలో హీరో చేత తూటాలు నింపించడం, ఆ మొదటి సగం డైరెక్టర్ ఒప్పుకున్నాడు. రెండో సగం వినగానే నవ్వేశాడు. "హీరో చేతిలో ఖాళీ తుపాకా? హాల్లో కుర్చీలు విరగ్గొడతారమ్మా. అక్కడ పేలాల్సిందే."

మధ్యాహ్నం మొదటి సగం తీశారు. రౌడీలని సగానికి తగ్గించి ఒక్కొక్కణ్ణీ ఒక్కో చోట నాటేసింది. ఎవడు ఎక్కడున్నాడో ముందు చూపించి, ఆ తర్వాతే మొదటి దెబ్బ పేల్చనిచ్చింది. మధ్యలో హీరోని మెట్ల మలుపులో కూర్చోబెట్టి, తూటాలు నింపుకోమంది. నింపుతుండగా ఒక తూటా వేళ్ళలోంచి జారి, మెట్టు మెట్టుకీ టంగుమంటూ కిందికి పోయింది. కింద రౌడీ ఆ చప్పుడు విని తలెత్తాడు. ఒక్క టేకులో ఓకే అయిపోయింది. డైరెక్టర్ లేచొచ్చి చెయ్యి కలిపాడు.

ఇక మిగిలింది ఆఖరి షాటు.

ఎవరి చేతికి తుపాకి ఇచ్చినా, ఇచ్చే ముందు తనే తెరిచి చూసుకోవడం ఆవిడ పద్ధతి. తుపాకుల పెట్టె చూసుకునే పెద్దాయన రివాల్వరు అందించాడు. తెరిచింది. సగం మందు తూటాలకి మూతి మీద పచ్చరంగు, నిండు మందు వాటికి ఎరుపు. లోపల అన్నీ ఎర్రగా ఉన్నాయి.

"ఇవెందుకు పెట్టారు?"

పెద్దాయన నేల చూపులు చూశాడు. "మీ తమ్ముడే వచ్చి అడిగాడమ్మా. డైరెక్టర్ గారు ఊఁ అన్నారు. మీకు తెలుసనుకున్నాను."

తమ్ముడు మెట్ల కింద చొక్కాకి నెత్తురు రంగు పూయించుకుంటున్నాడు. ఆవిడ వాణ్ణి రెక్క పట్టుకుని పక్కకి లాక్కెళ్ళింది.

"ఎంత దూరంలో నిలబడతావురా నువ్వు?"

"చెయ్యి చాపితే అందేంత," అన్నాడు. తల దించలేదు. "నువ్వు చెప్పినట్టు పక్కకి గురిపెట్టి పేలిస్తే, కెమెరా నా వెనక పెట్టాలి. అప్పుడు మళ్ళీ నా వీపే. పక్కనుంచి తీస్తే ఇద్దరి మొహాలూ పడతాయి. మంట నా మొహం ముందు వెలగాలి. అలా అయితే క్లోజప్ ఇస్తానన్నాడు డైరెక్టర్."

"మీ బావని చూస్తూ కూడా..."

"బావది ప్రమాదం అక్కా. రోజూ అందరికీ జరుగుతుందా? నాకు ఈ వయసొచ్చింది. నేను సినిమాల్లో ఉన్నానంటే నా పెళ్ళామే నమ్మదు. ఇదిగో నేనని చూపించడానికి ఒక్క బొమ్మ లేదు." గొంతు తగ్గించాడు. "అడ్డం రాకు. దణ్ణం పెడతాను."

నిజంగానే చేతులు జోడించాడు. వాటికి ఎర్రరంగు అంటుకుని ఉంది.

ఆవిడ డైరెక్టర్ దగ్గరికి వెళ్ళింది. బతిమాలింది. కెమెరాని ఎక్కడెక్కడ పెట్టవచ్చో, మంటని తర్వాత కంప్యూటర్లో ఎలా కలపవచ్చో చెప్పింది. ఆయన అంతా విన్నాడు.

"మీ బాధ నాకు తెలుసు మాస్టర్," అన్నాడు మర్యాదగానే. "కంప్యూటర్ మంట నాకొద్దు. కుర్రాడు తనంతట తనే ఒప్పుకున్నాడు. మీకు మనసొప్పకపోతే బయట కూర్చోండి. ఈ ఒక్క షాటూ మీ తమ్ముడే చూసుకుంటాడు."

ఆవిడ కక్కలేక మింగలేక నిలబడిపోయింది. కోపం వచ్చి వెళ్ళిపోతే ఆ ఎర్రమూతి తూటాలు పేలతాయి. పట్టుబట్టి ఉండిపోయినా పేలతాయి. తమ్ముడి కాళ్ళ మీద పడ్డా వాడు వినడు. టీమువాళ్ళని పని ఆపమంటే, వాళ్ళలో సగంమంది ఆ తమ్ముడి వెనకే తిరిగేవాళ్ళు. ఇంటికి మళ్ళీ ఫోన్ చేద్దామని తీసి, పెట్టేసింది. ఆయనకి ఏమని చూపిస్తుంది ఇది?

కిటికీల్లోంచి ఎండ వాలిపోతోంది. కెమెరామన్ తొందరపెడుతున్నాడు. మెట్ల కింద పరుపు వేశారు, తమ్ముడు తూటా తగిలి వెనక్కి పడేందుకు.

"నేనే ఇస్తాను తుపాకి," అంది ఆవిడ.

దూదిబేళ్ళ గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరికి వేసి, రివాల్వరు తెరిచింది. తూటాలన్నీ ఒడిలోకి రాల్చుకుంది. ఆవిడ ఇన్నేళ్ళలో సెట్లో ఎవరితోనూ అబద్ధం ఆడలేదు. ఈ పనిలో అబద్ధమాడిన మనిషికి మళ్ళీ ఎవరూ ప్రాణం అప్పగించరు. ఆ సంగతి తెలిసే, తూటాలు కొంగున మూటకట్టి నడుముకి దోపుకుంది.

హీరో అద్దంలో జుట్టు సరిచేయించుకుంటున్నాడు.

"తెరిచి చూసుకోండి సార్," అంది పద్ధతి ప్రకారం.

"మీరు చూశారుగా మాస్టర్, చాలు," అని అందుకున్నాడు.

ఆవిడ వెళ్ళి కెమెరా పక్కన నిలబడింది. యాక్షన్ అన్నారు.

హీరో దూకుడుగా దిగాడు, స్తంభం తిరిగాడు, తమ్ముడికి ఎదురుపడి తుపాకి మొహం మీదికి ఎత్తాడు. తమ్ముడు పళ్ళు బిగించి మంట కోసం కాచుకున్నాడు. హీరో నొక్కాడు.

టిక్కు.

మళ్ళీ నొక్కాడు. టిక్కు.

హీరో మొహంలో అప్పటిదాకా ఉన్న ధీమా కారిపోయింది. నోరు కాస్త తెరుచుకుంది. ఏం చెయ్యాలో తెలియక, తుపాకి మాత్రం దించకుండా, ఎదుటివాడి కళ్ళలోకి చూస్తూ నిలబడిపోయాడు. తమ్ముడు మూసుకున్న కళ్ళు మెల్లగా తెరిచాడు. ఎదురుగా నల్లగా గొట్టం. ఇప్పుడు పేలుతుందా, ఇంకో క్షణానికి పేలుతుందా? వాడి కనుబొమ్మ అదిరింది, గుటక పడింది. అంతవరకూ గుండెల్లో దాచుకున్నదంతా మొహం మీదికి వచ్చేసింది. హీరో ఒక అడుగు ముందుకేశాడు. తమ్ముడు ఒక అడుగు వెనక్కి. ఇంకో అడుగు. కాలు తడబడి, అరుపైనా లేకుండా పరుపు మీద పడ్డాడు.

కట్ చెప్పడం డైరెక్టర్‌కి కూడా గుర్తురాలేదు.

హీరో తుపాకి తెరిచి చూసుకున్నాడు. "ఎవరు చేశారిది?"

"నేనే సార్," అని ఆవిడ కొంగుముడి విప్పి, ఎర్రమూతి తూటాలు బల్ల మీద పోసింది. "మిమ్మల్ని వెర్రివాణ్ణి చేద్దామని కాదు. ఇవి పేలితే ఏమవుతుందో మా ఇంట్లో చూస్తున్నాను."

హీరో ఏదో అనబోయి, తూటాల వంక చూసి, మొహం మాడ్చుకుని వ్యానులోకి వెళ్ళిపోయాడు. డైరెక్టర్ తీసింది వేసి చూశాడు. ఇంకోసారి చూశాడు. తర్వాత, ఆవిడ వైపు తిరక్కుండానే అన్నాడు: "షాటు ఉంచుకుంటున్నాను. కానీ నాకు చెప్పకుండా నా సెట్లో తుపాకి ఖాళీ చేసిన మనిషితో ఇంక పనిచెయ్యలేను. రేపటినుంచి రావద్దు."

ఆయన చోటులో తనున్నా అదే అనేదాన్ననుకుంది ఆవిడ.

తమ్ముడు పరుపు మీదనుంచి లేచి, నేరుగా కెమెరామన్ దగ్గరికి వెళ్ళాడు. "నా మొహం పడిందా అన్నా?"

"నిండుగా పడింది."

వాడు తెర మీద తనని తాను చూసుకున్నాడు. చాలాసేపు చూశాడు. అక్కని దాటుకుని వెళ్తూ ఆగాడు.

"ఇన్నాళ్ళకి నా మొహం తెర మీదికొస్తే, అది భయంతో చచ్చిపోతున్న మొహమా? నా పరువు తీశావక్కా," అన్నాడు.

ఇంటికొచ్చి ఆవిడ జరిగిందంతా భర్తకి చెప్పింది. అంతా విన్నాక ఆయన చెయ్యి చాపి, తడుముకుని, ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. అప్పుడు ఏడ్చింది.

సినిమా వచ్చింది. అందరూ మెట్ల మీద కాల్పుల గురించే మాట్లాడుకున్నారు. ఆ చివరి రౌడీ ఎవరని అడిగినవాళ్ళూ ఉన్నారు. ఆవిడ పేరు మాత్రం వెయ్యలేదు. తుపాకులున్న సినిమాలకి ఆవిడని పిలవడం మానేశారు. అడపాదడపా కర్రసాములూ, కొట్లాటలూ వస్తున్నాయి. టీము చెదిరిపోయింది.

తమ్ముడికి వేషాలొచ్చాయి. ఇంకో మాస్టర్ దగ్గర చేరాడు. ఆ మాస్టర్ సెట్లో నిండు మందే వాడతారని, తుపాకికి ఎవడు దగ్గరగా నిలబడితే వాడికే క్లోజప్పని తెలిసినవాళ్ళు వచ్చి చెప్పారు. ఆవిడ కబురు పంపింది, వదినామరదళ్ళ మాటగా మరదలి చేత చెప్పించింది. వాడు చెవిన పెట్టలేదు. వాణ్ణి కాపాడగలిగింది ఆ ఒక్క షాటు మట్టుకే. మిగతావన్నీ ఆవిడ చేతిలో లేవు.

అక్కతో వాడికి మాటల్లేవు. బావతో ఉన్నాయి. షూటింగు ఉన్న రోజున, ప్యాకప్ చెప్పగానే బావ ఫోన్‌కి చేస్తాడు. "అయిపోయింది బావా," అంటాడు, అంతే. ఆయన ఊఁ అని పెట్టేస్తాడు. ఆ ఫోను వచ్చేదాకా ఆవిడ పొయ్యి వెలిగించదు. గుమ్మంలో కూర్చుని ఉంటుంది. మోగాక లేచి, మొహం కడుక్కుని, బియ్యం కడగడానికి లోపలికి వెళ్తుంది.