పీట కింద గీతలు

గడియారాలు బాగుచేసే పెద్దాయనకి తోడల్లుడంటే ఒళ్ళు మంట. తోడల్లుడు బ్యాంకులో క్యాషియరు, వయసులో ఐదేళ్ళు చిన్న. "అన్నయ్యా" అని నోరారా పిలుస్తాడు. ఆ పిలుపు వింటే పెద్దాయనకి మంట ఇంకాస్త పెరుగుతుంది.

ఇద్దరికీ ఒకటే పిచ్చి, సెలవు రోజుల్లో రైళ్ళ బొమ్మలూ ఓడల బొమ్మలూ చేయడం. క్యాషియరుకి ఆ పని నేర్పింది పెద్దాయనే. అంతకంటే తెలివితక్కువ పని జన్మలో చేయలేదని ఇప్పుడాయన అభిప్రాయం.

రిటైరైన రైలు డ్రైవరు ఒకాయన, తాను ముప్పై ఏళ్ళు నడిపిన ఆవిరింజనుకి నమూనా చేసిపెట్టమని ఇద్దరినీ ధర అడిగాడు. పని తోడల్లుడికి దక్కకూడదని పెద్దాయన ఎనిమిది వేలే అన్నాడు. ఎన్ని గంటలు పడుతుందని డ్రైవరు అడిగితే, "సరదా పనికి గంటలెవరు లెక్కేస్తారండీ" అని తేల్చేశాడు. క్యాషియరు ఇరవై నాలుగు వేలు అడిగాడు. పని క్యాషియరుకే వెళ్ళింది. మూడింతలు! ఆ నెలంతా పెద్దాయనకి అన్నం సయించలేదు.

"మాటలతో బుట్టలో వేసుకుంటాడు వాడు," అన్నాడు భార్యతో.

"మా చెల్లెలి మొగుడికి మాటలెక్కడొచ్చు?" అందావిడ. అదీ నిజమే కావడంతో ఆయనకి మరింత ఒళ్ళు మండింది.

ఆర్నెల్లు పోయాక ఒక ఉదయం క్యాషియరు అట్టపెట్టె పట్టుకుని షాపుకొచ్చాడు. లోపల ఇంజను, చెక్కపీట మీద బిగించి ఉంది. అంతా అయింది కానీ, డ్రైవరు నిలబడే చోట ఆవిరి ఒత్తిడి చూపే మీటరుకి ముల్లు లేదు.

"నా చేతికి లొంగట్లేదన్నయ్యా, మీరే పెట్టాలి. ఎంతవుతుందో చెప్పండి. ఊరికే చేస్తానంటే మాత్రం తీసుకెళ్ళిపోతాను."

రెండు వేలు అనాలనుకున్నాడు పెద్దాయన. కక్కలేక మింగలేక ఆర్నెల్లు గడిపాడు, ఇప్పుడు వాడే వచ్చి చిక్కాడు. చూసి చెప్తానన్నాడు. మరలు విప్పడానికి బొమ్మని తిరగేశాడు.

పీట అడుగున పెన్సిలు గీతలున్నాయి. నోట్ల కట్టల్లాగా పదేసి చొప్పున, అన్నీ వరసగా. లెక్కపెడితే ముప్పై ఒక్క కట్టలు. అందులో ఏడింటి మీద అడ్డంగా కొట్టేసి ఉంది.

"ఏమిటివి?"

"గంటలన్నయ్యా. ఒక్కో గీత ఒక్కో గంట."

"కొట్టేసినవి?"

"చేసి పాడుచేసుకున్నవి. చక్రాలు రెండుసార్లు విప్పి చేశాను. నా తప్పుకి ఆయన దగ్గరెలా తీసుకుంటాను? ముందే ఆయనకి గంటలు లెక్కేసి ఇరవై నాలుగు కట్టలని చెప్పాను, అంతే."

"గంటకెంత వేసుకున్నావు?"

"వంద. మీ షాపు రేటే. మీకంటే ఎక్కువ తీసుకునేంత పనివాణ్ణా నేను?"

పెద్దాయన బొమ్మని ఇటు తిప్పి చక్రాలకేసి చూశాడు. ఆ బొమ్మకి ఎనభై గంటలు చాలనుకున్నాడు తాను. తానైతే చక్రాల ఊచలన్నీ ఒకే రేకులో కోసి, అతికించి రంగేసేవాడు. ఇక్కడ ప్రతి ఊచా వేరుగా నిలబడి ఉంది. కళ్ళద్దం పెట్టుకుని ముల్లు అందుకున్నాడు. ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ లేనిది, బిగించబోతే ముల్లు విరిగింది. రెండోది కోసి, అరగదీసి, నిలబెట్టేసరికి మొత్తం రెండు గంటలు పట్టింది.

"ఎంతన్నయ్యా?"

"వంద."

"రెండు గంటలు కూర్చున్నారు కదా."

"ఒకటి నాది."

క్యాషియరు నోటు అక్కడ పెట్టి, పీట కింద ఇంకో గీత గీసి, పక్కన 'అన్నయ్య' అని రాసుకుని వెళ్ళాడు.

భోజనాల దగ్గర భార్యకి అంతా చెప్పాడు.

"హమ్మయ్య, ఇకనైనా తగ్గిందా మీ కుళ్ళు?"

"ఎక్కడ తగ్గింది? ఇన్నాళ్ళూ వాడి డబ్బు చూసి ఏడ్చాను," అన్నాడు పెద్దాయన, కంచంలో చెయ్యి ఆపి. "డబ్బయితే నేనూ ఎప్పుడో ఒకప్పుడు అడగగలను. ఆ ఏడు కట్టలు నేను కొట్టేయగలనా?"