తప్పు చెప్పిన పీతలు

"పాలారని గింజలు నాకెందుకయ్యా?" అంటూ కోసిన పనల్ని గణేష్‌బాబు కాలితో తన్నాడు. చేను ఆయనది, కౌలు పేటవాళ్లది. చేనుకి మూడువైపులా ఆయన రొయ్యల చెరువులే. "ఈ సార్వా పంటతో సరి. దీన్నీ చెరువు తవ్విస్తా. పీతలు చెప్పాయని పచ్చిచేను కోసుకునేవాళ్లకి వ్యవసాయమెందుకు?"

భూమున్నవాడి నోటికి అడ్డేముంది! పేట పెద్ద యెహెజ్కేలు తల దించుకున్నాడు. కోయమన్నది తనే. మురుగుకాలువలో పీతలు బొరియలొదిలి గట్టెక్కితే తుఫాను తప్పదని పేటలో తాతలనాటి నమ్మకం. అవి ఎక్కాయి, పేటంతా కొడవళ్లు పట్టింది. తీరా చూస్తే మబ్బుతునకైనా రాలేదు. ఇంతమంది నోటికాడ కూడు తన మాట మీద పోయిందని ఆయనకి ముద్ద దిగలేదు.

చర్చి అరుగు మీద అందరూ ఆయన మీదే పడ్డారు.

"ఫోన్లో చూసుకున్నా తెలిసేది కదా మావయ్యా!"

పీతలు పట్టి అమ్ముకునే బేబి వచ్చి అందరి ముందూ బుట్ట బోర్లించింది. "మావయ్యనంటారేంటి? ఇయ్యి చూడండి. అన్నీ చచ్చినయ్యే, మొప్పలు నల్లగా మాడిపోయాయి. వానకెక్కిన పీత చస్తుందా? చెరువు తూము కాడ గుట్టలు పడున్నాయి. గణేష్‌బాబు కాలవలోకి మందునీళ్లొదిలాడు, తట్టుకోలేక గట్టెక్కాయి."

యెహెజ్కేలుకి ఒళ్లు మండింది. "కళ్లుండగానే మనల్ని గుడ్డోళ్లని చేశాడ్రా. వానొస్తందో లేదో ఇంక దేన్ని చూసి తెలుసుకోవాలి?"

"తూము మూసేద్దాం," అంది బేబి.

"పోలీసులొస్తారే!" అన్నారెవరో.

"రానీ. మూడుపక్కలా ఆయన చెరువులు, నాలుగోపక్క ఈ కాలవ. ఎక్కడికి పోతాం?"

తెల్లారేసరికి ఇసకబస్తాలతో తూము మూసుకుపోయింది. మందునీళ్లు వదలనని, చేను లాక్కోనని గణేష్‌బాబు పదిమందిలో ఒప్పుకుంటేనే తీస్తామని పేటంతా గట్టు మీద కూర్చుంది. ఆయన రాలేదు, పోలీసు జీపు వచ్చింది. పెద్దవాణ్ణి లాక్కెళితే మిగతావాళ్లు చెదిరిపోతారనుకుని యెహెజ్కేలునొక్కణ్ణే ఎక్కించారు.

"మీరెళ్లండి మావయ్యా, తూము మేం చూసుకుంటాం," అని బేబి అరిచింది. ఒక్కరూ లేవలేదు.

మధ్యాహ్నం ఎస్సై ఫోన్ పట్టుకుని లాకప్ దగ్గరికొచ్చాడు. "కాలవ దిగువ పేటవాళ్లు కూడా తమవైపు చెరువు తూము మూసేశారంట. వాళ్లకీ నువ్వే చెప్పావా?"

"ఎవరూ చెప్పక్కర్లేదండి. ఆ కాలవ వాళ్ల చేలమీదుగానే పోతది."

ఎస్సై తాళం మరోసారి లాగి చూసుకున్నాడు.