ఎంగిలి దారం

పోయినవాళ్ళకు తొడిగే చివరి అంగీ విషయంలో మా కుట్టుగదికి రెండే కట్టుబాట్లు. దారం కొసను నోట్లో పెట్టి తడపకూడదు. కుట్టు చివర ముడి వేయకూడదు. ఎంగిలి తగిలితే పోయినవాళ్ళ మాట కుట్టినవాళ్ళ నోటికి చిక్కుకుంటుందని, ముడి పడితే ప్రాణం ఆ బట్ట దాటి వెళ్ళలేదని మా అమ్మమ్మ కాలం నుంచీ చెప్పుకుంటున్నారు. మా అక్క ఒక్క పూటలో రెండూ చేసింది.

ఇందులో అక్కను తిట్టడానికి ఏమీ లేదు. రాజుగారు పొద్దున ఫలహారం బల్ల దగ్గరే కుప్పకూలిపోయారు. మధ్యాహ్నానికల్లా అంగీ కావాలని మంత్రిగారు మనిషి మీద మనిషిని పంపారు. కుట్టుగదికి పెద్ద మా అమ్మే అయినా ఆమెకు చూపు పోయి చాలాకాలమైంది. ఆ సంగతి బయటపడితే ముగ్గురం వీధిన పడతామని అమ్మ పని కూడా అక్కే చేసేది. ఊహ తెలిసినప్పటి నుంచీ దారం నోట్లో పెట్టుకోవడమే అలవాటు. తొందరలో పెట్టేసుకుంది. కుట్టు పూర్తవగానే చెయ్యి దానంతటదే ముడి వేసేసింది. పని రానివాళ్ళు ఇలాంటి తప్పు చెయ్యమన్నా చెయ్యలేరు.

మర్నాడు భోజనాల దగ్గర అక్క నోరు తెరిచి, “కాళ్ళు చల్లబడుతున్నాయి. ఎవరైనా దుప్పటి కప్పండి” అంది. అది మగగొంతు. అచ్చం రాజుగారిది. ఎవరినో వెక్కిరిస్తోందనుకుని నేను పకపకా నవ్వాను. అమ్మ చేతిలో ముద్ద జారి కంచంలో పడింది.

“దారం ఎంగిలి చేసి ముడి కూడా వేశావటే?” అంది అమ్మ.

అక్క రెండు చేతులతో నోరు మూసుకుంది.

అంగీ అప్పటికే రాజుగారి ఒంటి మీద ఉంది. రాజుగారేమో కోట కింద రాతిగదిలో, కాపలా మధ్య ఉన్నారు. ఎలా విప్పాలో తెలియక మేం తలలు పట్టుకుని కూర్చున్నాం. గిన్నెలు తోమే ఆవిడ గుమ్మం దగ్గర ఆ గొంతు వినేసింది. ఆవిడ వింటే ఇక కోటంతా విన్నట్టే. పొద్దు వాలకముందే మంత్రిగారు స్వయంగా మా గదికి వచ్చి తలుపు వేయించారు. ఆయన ముఖంలో భయం లేదు. కొత్త పనిముట్టును చూసినట్టు అక్కను అటూ ఇటూ తిప్పి చూశారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

పోయినవాళ్ళు అబద్ధం ఆడలేరు. ఎవరు ఏది అడిగినా జవాబు చెప్పక తప్పదు. ఇది మాకు తెలుసు, ఆయనకు తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ రోజు నుంచి అక్కను మంత్రిగారి గదిలో తెర వెనక కూర్చోబెట్టారు. మంచినీళ్ళు ఇవ్వడానికి నన్ను పక్కన ఉండనిచ్చారు. ఖజానా రెండో తాళం ఎక్కడ దాచారు? సైన్యంలో తనంటే గిట్టనివాళ్ళెవరు? రాణిగారి పుట్టింటివాళ్ళు రహస్యంగా ఏం రాశారు? అన్నింటికీ రాజుగారు అక్క నోటితో జవాబు చెప్పేవారు. చెప్పి, ప్రతిసారీ నీరసంగా, “ఇక నన్ను వెళ్ళనివ్వండి” అనేవారు. మంత్రిగారు మాత్రం చెవిలో దూది పెట్టుకున్నట్టు తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయేవారు.

రాజుగారి ఒక్కో జవాబుకూ అక్క దగ్గరున్న మాటలు కొన్ని పోతున్నాయి. మొదట అది నాకు అర్థం కాలేదు. ఒక సాయంత్రం సూదిని చూపించి, “అదివ్వు, ఆ... గుచ్చుకునేది” అంది. అలసటనుకున్నాను. తర్వాత తలుపు పోయింది, నీళ్ళు పోయాయి, నొప్పి పోయింది. నొప్పి అనే మాట కూడా పోయాక, నుదురు పట్టుకుని ఏం చెప్పాలో తెలియక నా వైపు చూసేది. ఒకరోజు అమ్మ తల దువ్వుతుంటే, “ఈవిడెవరు? మంచావిడ” అంది. అమ్మ దువ్వెన ఆపలేదు. చిక్కు తీస్తూ, కళ్ళనీళ్ళు కార్చుకుంటూ, జడ పూర్తిగా వేసింది.

చివరికి ఎవరు, అంటే లాంటి పొడిమాటలు కాక అక్క దగ్గర ఒకే ఒక్క మాట మిగిలింది. పొట్టి. అది నా ముద్దుపేరు. ఆకలేసినా పొట్టీ, భయమేసినా పొట్టీ. ఆ పేరుతో పిలిచినందుకు చిన్నప్పుడు దాని చెయ్యి కొరికాను. ఇప్పుడు అది పిలిచినప్పుడల్లా పరుగెత్తుకెళ్ళేదాన్ని.

ఇంతలో సమాధి గది సిద్ధమైందన్నారు. రాయి మూసేస్తే ఆ ముడిని విప్పేవాళ్ళుండరు. అక్క బతికినంతకాలం రాజుగారి నోరై బతకాలి. ఒక్క దారే ఉంది. రాయి మూసేముందు, రాజకుటుంబం ఎదుట, అంగీ మడతలు సరిచేయాల్సింది కుట్టుగది పెద్ద. ఆ ఆనవాయితీని మంత్రిగారు కూడా ఆపలేరు. అమ్మ లోపలికి వెళ్తుంది. మెడ వెనకున్న ముడిని వెతికి విప్పుతుంది. మా ఇంటి ముడి మా ఇంటి వేళ్ళకే లొంగుతుంది, దానికి చూపక్కర్లేదు. అదీ మా ఆలోచన.

సమాధి గదిలో కాగడాలు వెలుగుతున్నాయి. రాణిగారు పసిబిడ్డను ఎత్తుకుని తలాపున నిలబడ్డారు. ఆమెతో మాట్లాడే అవకాశం మాకు అంతవరకూ దొరకనే లేదు. మంత్రిగారు అక్కను కూడా తీసుకొచ్చారు. ఎందుకో వెంటనే తెలిసింది.

“రాణిగారూ, ప్రభువుల ఆత్మ ఈ పిల్ల నోటితో పలుకుతోంది. మీ చెవులతో మీరే వినండి” అని అక్క వైపు తిరిగారు. “ప్రభూ, ఈ రాజ్యం లోగుట్టు అందరికంటే ఎక్కువ ఎవరికి తెలుసు?”

“నీకే” అన్నారు రాజుగారు.

భర్త గొంతు విని రాణిగారు బిడ్డను గుండెకు హత్తుకున్నారు. కొలువు పెద్దలు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, బిడ్డ పెద్దయ్యేదాకా ఇక ఏలేది ఆయనేనన్నట్టు మంత్రిగారికి తలలు వంచారు. అన్నీ ఆయనే చెప్పించి ఆయనే లాగేసుకున్నారు కదా, ఇంకెవరికి తెలుస్తుంది!

అమ్మ రాజుగారి మీదికి వంగింది. పాదాల దగ్గర మడతలు సర్దింది, నడుము దగ్గర సర్దింది. చెయ్యి మెడ వైపు వెళ్ళగానే మంత్రిగారు, “చాలు, అక్కడితో ఆపు” అన్నారు. భటుడు అమ్మ మణికట్టు పట్టుకున్నాడు.

“అక్కడ ముడి ఉందమ్మా, రాణిగారూ! అది విప్పకపోతే ప్రభువులు వెళ్ళలేరు!” అని అరిచాను. ఇంకో భటుడు నా జుట్టు పట్టి వెనక్కి లాగాడు.

“పిల్లకు మతి చలించింది” అన్నారు మంత్రిగారు. “రాయి మూయండి.”

నా నాలుక మీద ఒక్క ప్రశ్న ఉంది. తెర వెనక కూర్చున్న మొదటి రోజు నుంచీ ఉంది. ఇన్ని అడిగిన మనిషి, నిండు ఆరోగ్యంతో ఉన్న రాజుగారు ఎలా పోయారని ఒక్కసారీ అడగలేదు. ఆ గదిలో ఆయనా, ఆయన మనుషులూ తప్ప ఎవరూ ఉండేవారు కాదు కాబట్టి నేనూ అడగలేదు. ఇప్పుడు రాణిగారున్నారు. ‘నీకే’ అన్న చిన్న జవాబుకు ఎలాగో నిలిచింది కానీ, ఈ ప్రశ్నకు అక్క దగ్గరున్న ఆ ఒక్క మాటా పోతుంది.

అక్క నన్నే చూస్తోంది. నా జుట్టు పట్టుకున్న భటుడిని చూసి భయపడిపోయి, “పొట్టీ, పొట్టీ” అని ఏడుస్తోంది. దేవుడా, ఇంకొక్కసారి పిలవనీ అనుకున్నాను. పిలిచింది. కప్పురాయి కదులుతున్న చప్పుడు వినబడింది.

“ప్రభూ!” అని గొంతు చించుకుని అరిచాను. “మిమ్మల్ని చంపిందెవరు?”

మంత్రిగారు అక్క నోరు మూయడానికి ఒక్క ఉదుటున వచ్చారు. ఆయన చెయ్యి పడేలోపే జవాబు వచ్చేసింది.

“ఇతనే. ఆ ఉదయం గిన్నె తన చేత్తోనే అందించాడు. బాగా చేదుగా ఉంది.”

పసిబిడ్డ ఏడుపు అందుకుంది. తర్వాత రాణిగారు అన్న మాట నేను సరిగా వినలేదు కానీ, భటులు మమ్మల్ని వదిలేసి మంత్రిగారి చేతులు విరిచి పట్టుకున్నారు. ఆయన ఇదంతా మంత్రగత్తెల పన్నాగమని అరుస్తూనే ఉన్నారు. కొలువు పెద్దలు మళ్ళీ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్ళకు ఆ ఒక్క పనే బాగా వచ్చు.

రాణిగారు అక్క దగ్గరికి వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆమె పెదవులు కదిలాయి. భర్తను ఒక్క మాట అడగాలని ఆమెకుండదా? నేను ఆమె కాళ్ళు పట్టుకున్నాను.

“వద్దమ్మా. దీని దగ్గర ఇంకేమీ మిగల్లేదు.”

ఆమె నా వైపు చూశారు, అక్క వైపు చూశారు. కొంగు నోట్లో కుక్కుకుని లేచి, “విప్పండి” అన్నట్టు అమ్మకు చేత్తో సైగ చేశారు. అమ్మకు కనబడదు కదా, నేనే చెప్పాను.

అమ్మ వేళ్ళు మెడ వెనక్కి వెళ్ళాయి. ఎక్కువసేపు వెతకలేదు. దారం వదులైనప్పుడు రాజుగారు అక్క నోటితో పెద్దగా ఊపిరి విడిచారు, బరువు దించుకున్న కూలివాడు విడిచినట్టు. అంతే, వెళ్ళిపోయారు.

నేను అక్కను పట్టుకుని కుదిపాను. “అక్కా, అయిపోయింది. ఇంటికి పోదాం.”

అక్క కళ్ళు నిదానంగా నా మొహం మీదికి వచ్చాయి. మాట కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది. వచ్చింది మగగొంతు కాదు. పొద్దున్నే నన్ను నిద్రలేపే గొంతు, నేను చచ్చినా పోల్చుకోగల గొంతు. నాకు ఆనందంతో ఏడుపు తన్నుకొచ్చింది.

“ఎవరు?” అంది.

“నేనే. నీ చెల్లెల్ని.”

చెమట పట్టిన నా చెంప మీద చెయ్యి వేసి, ఎంతో మర్యాదగా, కొత్తవాళ్ళను అడిగినట్టు అడిగింది.

“చెల్లెలు... అంటే?”

అమ్మ తడుముకుంటూ వచ్చి మా ఇద్దరినీ దగ్గరికి లాక్కుంది. అక్క ఇంకా జవాబు కోసం నా వైపే చూస్తోంది.