రాజేశం మెస్సులో ఆదివారం

"ఇయ్యాల పొయ్యి ముట్టియ్యకు. జగిత్యాలకు పోదాం, బయటనే తిందాం."

ఆదివారం పొద్దున సతీశ్ ఆ మాట అన్నప్పుడు దీవెన బియ్యం చెరుగుతోంది. తొమ్మిదేళ్ల కాపురంలో ఆ మాట వినడం అదే మొదలు. చాట పక్కన పెట్టి, నిజమేనా అన్నట్టు చూసింది. "గట్ల చూస్తవేంది? చర్చికి గూడ సెలవియ్యి. జల్ది తయారు కా" అన్నాడు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై ఇరవై రోజులు దాటింది. ఇద్దరూ కోరుట్ల పక్క ఊళ్లలో సర్కారు బడి టీచర్లే. అయినా సమ్మె అంటే అతనికి శిబిరంలో మైకు, ఆమెకు శిబిరం ముందు పొయ్యి. రోడ్డు మీద వంటావార్పు పెట్టిన రోజల్లా ఆడవాళ్లు పొగలో కట్టెలు ఊదేవాళ్లు. ఫొటోలు తీసేవాళ్లు రాగానే మగవాళ్లు పరుగున వచ్చి గరిటె పట్టుకునేవాళ్లు. సాయంత్రం ఇంటికొచ్చి ఆమె మళ్లీ వండేది. "బడి లేకపాయె, జీతం లేకపాయె, ఇంకేం పని నీకు?" అని అత్త నర్సక్క అంటే, సతీశ్ పేపరు దించకుండానే నవ్వేవాడు.

బండి మీద వెనక కూర్చున్నంతసేపూ దీవెన ఏం తినాలో ఆలోచించుకుంది. పాత బస్టాండు దగ్గర వేడి మిరపకాయ బజ్జీలు. తర్వాత ఏదైనా హోటల్లో ఫ్యాను కింద కూర్చుని ఉల్లిదోశ. ఇంకొకరు వండి, ఇంకొకరు తెచ్చి ముందు పెడితే ఎట్లా ఉంటుందో చూడాలి. టవర్ సర్కిల్ దాటుతుంటే బజ్జీల బండి కనబడింది. "జర ఆపవా" అంది. "వచ్చేటప్పుడు" అన్నాడు.

బండి ఒక సందులో చిన్న మెస్సు ముందు ఆగింది. దాని ఓనరు రాజేశంది సిరిసిల్ల, సతీశ్‌కు దోస్తు. అతను ఎదురొచ్చి దండం పెట్టాడు.

"రా అక్కా, రా. నువ్వు రాకుంటే నా ఇజ్జత్ పోతుండె. వంటామె బస్సుల్లేక కోనరావుపేటలనే ఆగిపాయె. ఒంటిగంటకు ముప్పైమంది సమ్మె సార్లు ఈడనే మీటింగు పెట్టుకొని తింటరు. రాత్రే సారుకు ఫోన్ చేసిన, మా ఆమెను తోల్కొస్త, ఫికర్ చెయ్యకు అన్నడు."

రాత్రే! దీవెన మొగుడి వైపు చూసింది. అతను హెల్మెట్ తుడుచుకుంటున్నాడు.

"అక్క పేరేంది సారూ?"

"దివ్య" అన్నాడు సతీశ్.

వంటగదిలోకి వెంట వచ్చి గొంతు తగ్గించాడు. "పెద్ద పెద్ద సార్లొస్తున్నరు, జిల్లా నాయకులు. దీవెన అంటే ఎవలు, ఏంది అని అడుగుతరు. ఒక్క పూటనే గద. నోరు మూసుకొని వండు."

వండింది. అన్నం, పప్పుచారు, బెండకాయ, కోడికూర. గంజి వార్చేటప్పుడు తపేలా జారి ఎడమ మణికట్టు కాలింది. నీళ్ల బకెట్‌లో చెయ్యి ముంచి నిలబడితే గోడ అవతల సతీశ్ గొంతు ఖంగుమంది. "అన్నలారా, మన కొట్లాట ఉద్యోగాల కోసమే కాదు. ఆత్మగౌరవం కోసం!" చప్పట్లు కొట్టారు. వెంటనే తలుపు సందులోంచి అదే గొంతు: "ఇంకెంతసేపు? జల్ది కానియ్యి."

చారు గిన్నెతో ఆమె బయటికి వచ్చేసరికి అందరూ లొట్టలేస్తూ తింటున్నారు. సతీశ్ పక్కన కూర్చున్న తెల్లజుట్టు పెద్దాయన వేళ్లు నాకుతూ తలెత్తాడు.

"మస్తున్నది బిడ్డా కూర. ఎవలింటి పిల్లవు?"

ఆమె నోరు తెరిచేలోపే సతీశ్ అందుకున్నాడు. "మా మామ పటేలు సార్. ముత్యంపేట దిక్కు ఇరవై ఎకరాల ఆసామి."

ఇన్నేళ్లలో అతను ఆమె వంటకు వంక పెట్టాడు, చదువును వెక్కిరించాడు, ఇవాళ పేరు మార్చాడు. అన్నీ మింగింది. కానీ ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు దించీ దించీ వీపు వంగిపోయిన తండ్రి, ఆ కూలితో తనను టీచర్ ట్రైనింగ్ చదివించిన తండ్రి, ఈ మనిషి నోట్లో లేకుండా పోయాడు. దీవెన గిన్నె బల్ల మీద పెట్టింది.

"అబద్ధం సార్. నా పేరు దీవెన. చెరుకు బండ్లు దించిన యోహాను బిడ్డను. మేం మాదిగోళ్లం. గీయన గూడ."

గదిలో చేతులన్నీ ఆగిపోయాయి. పెద్దాయన సగం అన్నం ఉన్న ప్లేటులోనే చెయ్యి కడిగి లేచాడు. ఇంకో ఇద్దరు లేచారు. మిగిలినవాళ్లు లేవలేక, తినలేక మెతుకులు కెలుకుతూ కూర్చున్నారు. రాజేశం నెత్తి పట్టుకున్నాడు. ఆత్మగౌరవం గురించి ఒక్కరూ మాట్లాడలేదు.

సతీశ్ మొఖం మాడిపోయింది. "ఇంటికి పా. నీ సంగతి చెప్త."

"నువ్వు పో. నేను మా నాయిన దగ్గరికి పోతున్న. జీపులు నడుస్తున్నయ్."

ఒక ప్లేటు తీసుకుని, పెద్దాయన ఖాళీ చేసిన కుర్చీలో కూర్చుంది. అన్నం, కోడికూర వడ్డించుకుంది. కాలిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని మొదటి ముద్ద తిన్నది. రుచిగానే ఉంది.

"రాజేశం, జర చారు పొయ్యి."

రాజేశం కదలకుండా సతీశ్ దిక్కు చూశాడు.

"ఆయన్ను చూస్తవేంది?" అంది దీవెన. "తినేది నేను."