టాంగాల అడ్డా మీద ట్రాన్స్‌ఫారం

శాలిబండలో ఆ గల్లీ కరెంటు కష్టాలు ఎవరినడిగినా కథలు కథలుగా చెబుతారు. ఎండాకాలం సాయంత్రమైతే చాలు, వోల్టేజీ పడిపోయి ఫ్యాన్లు మూలుగుతూ తిరుగుతాయి. ట్రాన్స్‌ఫారం పెట్టండి మహాప్రభో అని పసుపు కుంకుమల దుకాణం వైకుంఠం సేటు తిరగని ఆఫీసు లేదు. అందుకే మున్సిపాలిటీ వాళ్లు పెట్టిన మీటింగులో ఇంజినీరమ్మ సుజన మైకు పట్టుకుని "టాంగాల అడ్డాలో ట్రాన్స్‌ఫర్..." అనగానే ఆయన అందరికంటే ముందు చెయ్యెత్తాడు. తర్వాతి మాటను గరగరలాడే మైకు మింగేసింది. సేటు చెయ్యెత్తాక గల్లీలో ఎత్తని చెయ్యి ఉంటుందా? అన్నీ లేచాయి.

మైకు మింగిన మాట 'స్టేషన్'. గల్లీలు తిరిగే ఆటోలు చెత్త తెచ్చి అక్కడ కుమ్మరిస్తాయి, పెద్ద లారీలు దాన్ని ఎత్తుకుని ఊరవతలికి పోతాయి. ఆ సంగతి వైకుంఠానికి మర్నాడు పాలప్యాకెట్ల దుకాణం దగ్గర తెలిసింది. ఇంటికొచ్చేసరికి భార్య నాగమణమ్మకు అంతకుముందే తెలిసిపోయింది.

"మీకు చెవులు సక్కగ ఇనరావని నాకెర్కనే," అందామె. "గిట్ల ఊరి కచరంత అడ్డాల పోయించుకుంటరని మాత్రం ఎర్కలేదు. మన పెండ్లయిన జాగ అది."

"మళ్ల మీటింగున్నదట. తప్పయిందని చెప్త. ఫికర్ చెయ్యకు."

ఫికర్ అంతా ఆయనదే. అడ్డాలో ఆగే గుర్రపు టాంగాలు ఎప్పుడో పోయాయి, ఫంక్షన్ హాళ్లు అప్పటికింకా రాలేదు. ఆ మధ్యకాలంలో గల్లీలో ఎవరి పెళ్లయినా ఆ సర్కారీ జాగాలోనే. పక్క గల్లీ భాయ్‌లు వచ్చి షామియానా తాళ్లు బిగించేవారు. ఓ వారగా గాడిపొయ్యి తవ్వితే బగారా అన్నం వాసన పెద్ద రోడ్డు దాకా కొట్టేది. అలా ఎవరి పెళ్లిలోనో, కొంగు నడుముకు చుట్టి, పప్పులో ఉప్పెక్కువైందని వంటాయన్ని దులిపేస్తున్న నాగమణిని మొదటిసారి చూశాడు వైకుంఠం. ఆ తిట్లు జన్మంతా పడాలనిపించింది. ఆ కోరిక నిండుగానే తీరిందనుకోండి.

ఇప్పుడు ఏ హాల్లోనైనా ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడితే ఆయనకు దిగులేస్తుంది. నేల మీద వరసగా కూర్చున్న బంతి కళ్లముందు కదులుతుంది. విస్తరికి చెయ్యి అడ్డం పెడితే ఆ చేతినే పక్కకు తోసి వడ్డించిన వాళ్లు గుర్తొస్తారు. ఆ మనుషుల్లో చాలామంది లేరు. జాగా అయినా ఉంది కదా అని ఇన్నాళ్లూ సరిపెట్టుకున్నాడు. తన చెయ్యి తనే ఎత్తి దాన్నీ పోగొడుతున్నాడని తలచుకుంటే అన్నం సయించలేదు.

రెండో మీటింగులో లేచి నిలబడ్డాడు. "మేడం, నేను ట్రాన్స్‌ఫారం అనుకొని చెయ్యెత్తిన. నన్ను చూసి గల్లీ అంత ఎత్తింది. గా అడ్డాల మా పెండ్లిళ్లయినయి. అది ఇడిసిపెట్టుండ్రి."

హాలంతా నవ్వింది. సుజన నవ్వలేదు. "వద్దంటే వద్దనే రాస్తాను సార్. ఇక మిగిలింది మేం చూసిన రెండో జాగా ఒక్కటే. భిక్షపతి వాళ్ల బస్తీ వెనక."

భిక్షపతి చెత్త ఆటో నడుపుతాడు. గోడ పక్కన ఖాకీ చొక్కాతోనే కూర్చుని ఉన్నాడు. అందరూ అటు తిరిగారు.

"ఏం భిక్షపతీ, నువ్వేమంటవ్?" అన్నాడు వైకుంఠం.

"నేనేమంట సేటూ. మాకు కొత్తనా ఏంది? మీ పెండ్లిళ్లల్ల ఎంగిలిస్తరాకులు మా బాపు గంపకెత్తుకొని పోతుండె గదా. మా ఇంటెన్క పోసేటోడు. కుక్కల లొల్లికి చిన్నప్పుడు మాకు నిద్ర లేకుండె." అతని గొంతులో కోపం లేదు. వాన పడిందన్నట్టు చెప్పాడు.

వైకుంఠం నిలబడే ఉన్నాడు. ఆయన జ్ఞాపకంలో అడ్డా ఎప్పుడూ శుభ్రంగానే ఉండేది. ఒక బంతి లేవగానే రెండో బంతికి నేల తయారు. ఎట్లా తయారయ్యేదో ఇన్నేళ్లలో ఒక్కసారీ అనుకోలేదు. ఇప్పుడు ఆలోచిస్తే షామియానా గుంజ పక్కన గంప పట్టుకుని నిలబడ్డ మనిషి లీలగా కనబడ్డాడు. మొహం మాత్రం ఎంత తన్నుకున్నా గుర్తురాలేదు.

"ఏం రాయమంటారు సార్?" అంది సుజన.

"అడ్డాలనే పెట్టుండ్రి మేడం," అన్నాడు వైకుంఠం.

హాల్లో గొడవ లేచింది. సేటుకు మతి పోయిందన్నారు, మళ్లీ తప్పు విన్నాడన్నారు. ఆడవాళ్ల వరసలోంచి నాగమణమ్మ లేచింది. తన మీదికే వస్తోందనుకుని వైకుంఠం తల దించుకున్నాడు. ఆమె ఆయన్ని దాటుకుని భిక్షపతి దగ్గరికి వెళ్లింది.

"మా పెండ్లికి మీ బాపును బంతిల కూసోబెట్టినమా బిడ్డా?" అని అడిగింది.

భిక్షపతి ఆ ముసలామె మొహంలోకి ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నాడు.

"నాకు యాదికి లేదమ్మా," అన్నాడు.