షట్టరు దించిన మధ్యాహ్నం

నేను ఒక ఇనుప బండను. వంటింటి గ్యాసు బండ అనుకునేరు, కాదు. ఫ్రిజ్జులకూ ఏసీలకూ చల్లదనమిచ్చే గ్యాసు నా కడుపులో ఉంటుంది. ఫ్యాక్టరీలో ఒత్తి నింపిన రోజు నుంచీ నాకు ఒకటే తహతహ, ఎప్పుడు బయటపడదామా అని. నా గ్యాసుకు రంగు లేదు, వాసనా లేనట్టే. గాలికన్నా బరువు కనుక వదిలితే నేలబారున పరుచుకుంటుంది. ఊపిరికీ గుండెకూ ముప్పని నా ఒంటి మీద చీటీలో రాసే ఉంది. మనుషులు చీటీకంటే ముక్కునే నమ్ముతారు.

గోదాములో కొన్నాళ్లు, డీలరు కొట్టులో కొన్నాళ్లు దొర్లి, చివరికి బొబ్బిలిలో సింహాద్రి ఫ్రిజ్జుల రిపేరు కొట్టు చేరాను. ఒక షట్టరు, ఒక గది. కిటికీ అన్నది లేదు. అతని భార్య పైడమ్మ నేల మీద కూర్చుని, విప్పిన భాగాలు తుడిచేది. అతను ఒక మాటంటే ఆమె నాలుగు అనేది.

ఆ మధ్యాహ్నం జల్లు కొట్టింది. సింహాద్రి షట్టరు దించేశాడు. గొట్టాల్లో నలుసులు పోవాలని నా మూత తిప్పి, నా గ్యాసుతోనే ఊదడం మొదలుపెట్టాడు.

“గేసొదుల్తన్నావు, షట్టరెత్తయ్యా,” అంది పైడమ్మ.

“వాసనేటైనా వస్తందేటి? మరి భయమేటే?”

బుస్సుమని పరిగెత్తాను. ఎన్నాళ్ల చెర! ఆమె ఒడి దాకా, మెడ దాకా నిండాను. ఆగుదామన్నా నా మూత నా చేతిలో లేదు.

పైడమ్మ గుండె మీద చెయ్యి పెట్టుకుంది. తల వాల్చేసింది.

“పట్టపగలే కునుకేటే, మహారాణీ?”

సింహాద్రి ఇంకో గొట్టం అందుకున్నాడు.

“మీ పుట్టింటోళ్లందరికీ ఇదే నిద్దర!”

పుట్టింటి మాట పడి పైడమ్మ ఊరుకోవడమా? సింహాద్రి చేతిలోంచి పానా జారింది. నా మూత బిగించాడు. అతనికీ తల తిరుగుతోంది. తూలుతూ షట్టరెత్తి, ఆమెను చంకల కింద పట్టి వానలోకి లాగాడు. పక్కకొట్టు టైలరు జగ్గారావు ఆటో తెచ్చాడు.

షట్టరు రెండు రోజులూ తెరిచినట్టే ఉంది. వీధిలో ఆటో చప్పుడైతే చాలు, ఉలిక్కిపడేదాన్ని.

మూడోనాడు సింహాద్రి ఒక్కడే వచ్చాడు. నన్ను వాకిట్లోకి ఈడ్చి పడేశాడు. జగ్గారావు కత్తెర పక్కన పెట్టి లేచాడు.

“ఎలాగుందిరా?”

“గుండె దడ తగ్గినాది. ఇంకో రోజు ఉంచుతారంట. కళ్లు తెరవగానే నన్ను తిడతాదనుకున్నాను...”

“తిట్టలేదేటి?”

“‘నీకేటీ అవలేదు కదా’ అనడిగిందిరా.”

నవ్వబోయాడు. నవ్వు రాలేదు. అరుగు మీద కూలబడి, తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.